ముద్ర ఒకటే, ఊళ్ళు వేరు: భాష తెలియని సభలో అభినయం

(కూచిపూడి పై తరగతుల విద్యార్థులకు, వారి గురువులకు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు తప్ప మిగతావన్నీ అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు రండమ్మా. ఇవాళ వేళ్ళు కనబడాలి, కళ్ళు కనబడాలి.

మాటలు మొదలుపెట్టకముందే ఒక పని. అందరూ కుడిచేతి అయిదు వేళ్ళ కొసలూ ఒకచోట చేర్చండి. కొసలు పైకి. ఏమిటిది? ముకుళం. అభినయదర్పణం అనే మన శాస్త్రగ్రంథం చెప్పిన 28 అసంయుత హస్తాల్లో, అంటే ఒంటిచేతి ముద్రల్లో, 26వది. వినియోగం, అంటే దేనికి వాడతామో, చెప్పండి. "కుముదే భోజనే పంచబాణే ముద్రాదిధారణే, నాభౌ చ కదళీపుష్పే." కలువ, భోజనం, మన్మథుడు, ముద్ర పట్టుకోవడం, నాభి, అరటిపువ్వు. బాగుంది. ఇప్పుడు ఇదే చేతిని, వేళ్ళు విడదీయకుండా, మణికట్టు దగ్గర కొంచెం పైకీ కిందికీ ఆడించండి. నేపుల్స్ వీధిలో ఇలా చేస్తే "ఏమిటి నీ గొడవ? ఏం కావాలి?" అని. కైరోలో చేస్తే "కాస్త ఆగు" అని. ఇస్తాంబుల్‌లో భోజనం అయ్యాక చేస్తే "చాలా బాగుంది" అని. మన ఇంట్లో అదే చేయి నోటి దగ్గరికి వెళితే? "తిన్నావా?" అని.

చేయి ఒకటే. నాలుగు ఊళ్ళు, నాలుగు మాటలు. మరి అర్థం ఎక్కడుంది? వేళ్ళలో ఉందా? వేళ్ళలోనే ఉంటే నాలుగు ఊళ్ళలోనూ ఒకే మాట పలకాలి కదా?

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. భాష తెలియని సభ ముందుకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు మనం మొట్టమొదట అనుమానపడేది వేళ్ళ మీద. "వాళ్ళకి ముద్రలు తెలియవు కదా, తేలిక చేద్దాం" అంటాం. హస్తాలు తగ్గించేస్తాం, లేదా పెద్ద పెద్ద సైగలు చేస్తాం. దయచేసి వేళ్ళ జోలికి పోకండి. సరిచేయవలసింది చూపు, నిడివి, ఒంటి బరువు. అభినయం సభకి అందకపోవటానికి నూటికి తొంభైపాళ్ళు కారణం అక్కడే దొరుకుతుంది.

నేను కొత్తగా చెబుతున్నది కాదు ఇది. పతాకం పట్టండి. నాలుగు వేళ్ళూ చేరి నిటారుగా ఉండాలి, బొటనవేలు మడిచి చూపుడువేలి మొదట్లో ఆనించాలి. ఆ అమ్మాయి బొటనవేలు బయటికి పోయింది చూడండి, అది అర్ధచంద్రం అయిపోయింది. సరిచేసుకోమ్మా. ఇప్పుడు పతాకం వినియోగం మొదటి శ్లోకం గుర్తు తెచ్చుకోండి. "నాట్యారంభే వారివాహే వనే వస్తునిషేధనే." నాట్యం మొదలు, మేఘం, అడవి, వద్దనటం. ఆ తర్వాతి పాదాల్లో రాత్రి వస్తుంది, నది వస్తుంది, గాలి వస్తుంది, వెన్నెల వస్తుంది, గట్టి ఎండ కూడా వస్తుంది. ఒక్క చేతికి వెన్నెలా, ఎండా! శాస్త్రం రాసినాయనకి తెలియదా, ఈ రెండూ ఒకదానికొకటి ఎదురని? తెలుసు. చేయి ఒక పాత్ర. అందులో ఏది పోస్తే అది. పోసేది కన్ను. వెన్నెలకి రెప్ప మెత్తబడుతుంది, గడ్డం ఒక వేలెడు పైకి లేస్తుంది, ఊపిరి వదులుతాం. ఎండకి కనుబొమలు దగ్గరపడతాయి, గడ్డం లోపలికి వస్తుంది. చెయ్యి మారలేదు.

మన దేశంలోపలే చూడండి. కథకళి వాళ్ళకి హస్తలక్షణదీపిక ఆధారం. అందులో 24 ముద్రలు. వాళ్ళు పతాకం అనే చేతిలో ఉంగరపువేలు మడిచి ఉంటుంది. మనం దాన్ని త్రిపతాకం అంటాం. పేరు ఒకటే, చేయి వేరు. కూచిపూడి నుంచి కేరళకి పోతేనే ఇంత తేడా ఉంటే, సముద్రం దాటితే ఎంత ఉండాలి?

ఇంకో సంగతి మన పిల్లలకి చాలామందికి తెలియదు, అందుకని కొంచెం ఆగి చెబుతాను. అభినయదర్పణం మొదటిసారి ఇంగ్లీషులోకి వెళ్ళింది 1917లో, హార్వర్డ్ విశ్వవిద్యాలయం ముద్రణాలయం నుంచి. అనువాదకులు ఇద్దరు. ఒకరు ఆనంద కుమారస్వామి. రెండోవారు ఎవరు? మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. అవును, చీరాల పేరాల ఉద్యమం నడిపించిన ఆంధ్రరత్నమే. వాళ్ళు ఆధారం చేసుకున్నది తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి. ఆ అనువాదం ఎందుకు చేశారు? ఇంగ్లండు రంగస్థల కళాకారుడు గోర్డన్ క్రెయిగ్, భారతీయ అభినయపద్ధతి వివరంగా కావాలని పదే పదే అడుగుతూ వచ్చాడని కుమారస్వామిగారే ముందుమాటలో రాశారు. అంటే ఏమిటి? పరాయి సభకి చేతులు ఎలా చెప్పాలి అన్న ప్రశ్నకి జవాబు వెతికినవాళ్ళలో ఒక తెలుగువాడు నూరేళ్ళ కిందటే ఉన్నాడు. ఇది మనం గర్వంగా చెప్పుకోవాలి, పిల్లలకి పాఠంలో చెప్పాలి.

సరే, చేయి రక్తంలోంచి వస్తుందా, వీధిలోంచి వస్తుందా? ఈ ప్రశ్నని బొమ్మలు గీసి తేల్చినవాళ్ళున్నారు. 1930లలో, జాతులకి పుట్టుకతోనే కదలికలు వస్తాయని జర్మనీలో నాజీలు ప్రచారం చేస్తున్న రోజులు. న్యూయార్కులో డేవిడ్ ఎఫ్రాన్ అనే అర్జెంటీనా పరిశోధకుడు, మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయస్ శిష్యుడు, దాన్ని పరీక్షకి పెట్టాడు. ఆయన వెంట స్టైవెసంట్ వాన్ వీన్ అనే చిత్రకారుడు. యూదులు, దక్షిణ ఇటలీ వాళ్ళు ఉండే పేటల్లో మాట్లాడుకుంటున్న వాళ్ళ చేతులని అక్కడికక్కడే గీశాడు. ఫిల్ములు తీసి, చేతి కదలిక ఏ దారిన పోయిందో గీతలుగా కాగితం మీదకి ఎక్కించారు. 1941లో పుస్తకం వచ్చింది.

ఏం తేలింది? తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదుల చేయి మోచేతి నుంచి కదులుతుంది, ఒంటికి దగ్గరగా ఉంటుంది, ఎదుటివాడి కోటు పట్టుకునేంత దగ్గరికి పోతుంది. వాదం మెలికలు తిరిగినట్టే చేయీ మెలికలు తిరుగుతుంది. ఇటలీ వాళ్ళ చేయి భుజం నుంచి లేస్తుంది, రెండు చేతులూ జంటగా విచ్చుకుంటాయి, వస్తువుకి బొమ్మ కడతాయి. మరి ఆ పేటలు వదిలి అమెరికన్లలో కలిసిపోయిన వాళ్ళ సంగతో? ఆ తేడాలు చాలామటుకు కరిగిపోయాయి. కొందరిలో రెండూ కలగలిసి కనిపించాయి. అంటే చేయి వీధి నేర్పిన విద్య.

ఇది మనకెందుకు? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన మన పిల్లలకి కూచిపూడి నేర్పే గురువులు ఇక్కడే ఉన్నారు. వాళ్ళకి ఇది రోజూ ఎదురయ్యే సంగతి. మన పిల్ల "తెలీదు" అని అభినయించమంటే రెండు భుజాలూ ఎగరేసి అరచేతులు పైకి తిప్పుతుంది. మనం పిల్లని కోప్పడతాం. కోప్పడకండి. అది ఆ వీధి ఇచ్చిన చేయి. మన వీధిలో అయితే ఎలా ఉంటుంది? చేయి విప్పి మణికట్టుని అటూ ఇటూ తిప్పుతాం. "లేదు, ఏం లేదు." ఆ తిప్పటమే అమెరికావాళ్ళకి "అంతంతమాత్రం" లాగా కనబడుతుంది. కాబట్టి పిల్లకి రెండు చేతులూ చూపించి, పేర్లు పెట్టి, ఏది ఎక్కడిదో చెప్పాలి. మణికట్టు తిప్పటం అమ్మమ్మ దగ్గర నేర్చుకోవాలి. వీడియో కాల్‌లో అమ్మమ్మని ఓ పది నిమిషాలు కూరగాయల బేరం గురించి మాట్లాడించండి, చేతులన్నీ వచ్చేస్తాయి.

ఇప్పుడు అసలు ఇబ్బంది పెట్టే చేతుల దగ్గరికి వద్దాం. మన లోకధర్మి సైగలు, అంటే ఇంట్లో వీధిలో మామూలుగా చేసేవి, కొన్ని ఇంకో ఊళ్ళో ఇంకో మాటగా ముందే పాతుకుపోయి ఉంటాయి. వాటితోనే ప్రమాదం. ఏమీ తెలియని చేతిని సభ బొమ్మగా చూస్తుంది, ఊహించుకుంటుంది. తెలిసిందనుకున్న చేతిని చూడటం మానేస్తుంది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

ముక్కున వేలేసుకోవటం. యశోద ఆశ్చర్యపోయింది, ముక్కు మీద సూచి, అంటే నిటారుగా చాచిన చూపుడువేలు. మనకి "ఔరా" అని వినబడుతుంది. లండన్‌లో కూర్చున్నవాడికి? వేలు పెదవుల ముందుగా వచ్చింది కాబట్టి "ఉష్, మాట్లాడకు" అని వినబడుతుంది. వెంటనే అతని కథ పక్కదారి పడుతుంది, పిల్లవాడు నిద్రపోతున్నాడు కాబోలు అనుకుంటాడు. ఏం చేయాలి? సైగ తీసేయాలా? అక్కర్లేదు. వేలు నిలువుగా పెదవులు దాటించకండి. పక్కనుంచి, ముక్కు పక్కకి తెచ్చి ఆనించండి. అంతకంటే ముఖ్యం, వేలు ముక్కు చేరకముందే కళ్ళు విచ్చుకోవాలి. ఊపిరి లోపలికి పీల్చాలి. ఆశ్చర్యం ముందు వచ్చేసింది, వేలు తర్వాత వచ్చింది. ఇక దాన్ని "ఉష్" అని ఎవరూ అనుకోరు.

నాలుక కరుచుకోవటం. అయ్యో తప్పయిపోయిందే అని సిగ్గు. ఒడిశాలో, మన దగ్గర, బెంగాల్లో అందరికీ తెలుస్తుంది. జొనాథన్ హైట్, డాకర్ కెల్ట్‌నర్ అనే ఇద్దరు 1999లో అచ్చువేసిన పరిశోధనలో ఒడిశా వాళ్ళకీ అమెరికా వాళ్ళకీ ముఖకవళికల ఫొటోలు చూపించారు. నాలుక కరుచుకున్న ముఖం ఒడిశా వాళ్ళు ఇట్టే పట్టుకున్నారు, అమెరికా వాళ్ళకి అది సిగ్గుగా తోచలేదు. అదే 2000లో అహల్య హెజ్మాడి, ఆవిడ నర్తకి కూడా, ఇంకో ఇద్దరితో కలిసి నాట్యశాస్త్రంలోని భావాలని అభినయించి వీడియో తీసి రెండు దేశాల వాళ్ళకీ చూపించారు. రెండుచోట్లా బాగానే గుర్తుపట్టారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. ఫొటోలో ఆగిపోయిన ఒక్క సైగ దాటలేదు. మెడ, భుజం, చేయి, చూపు కలిసి కదిలిన అభినయం సముద్రం దాటింది. మన శాస్త్రం సాత్త్వికం, ఆంగికం, అంటే లోపలి భావం, ఒంటి కదలిక, కలిసి నడవాలన్నది ఊరికే అనలేదు.

శిఖరం. పిడికిలి, బొటనవేలు నిటారుగా. మనకి నాయకుడు, విల్లు, స్తంభం. శ్లోకంలో "నిశ్చయే" అనీ ఉంది, "నాస్తీతి వచనే", అంటే లేదనటం, అనీ ఉంది. ఇవాళ ఫోను పట్టుకున్న ప్రతివాడికీ అది "సరే, బాగుంది". ఇరాన్‌లో పాత తరం వాళ్ళకి అది మోటు తిట్టు. నాయకుణ్ణి చూపించటానికి శిఖరం పట్టినప్పుడు ఛాతీకి జానెడు దూరం దాటనీయకండి. చేయి సభ వైపు పొడిచినట్టు రాకూడదు. మీ చూపు ఆ చేతి మీదకి వచ్చి, అక్కడ ఒక క్షణం ఆగి, సిగ్గుతో దిగాలి. అప్పుడది బొటనవేలు కాదు, మనిషి. చూపు దాని మీద పడకపోతే మాత్రం బొటనవేలే.

కర్తరీముఖం, అంటే చూపుడువేలూ నడిమివేలూ కత్తెరలా విడదీసిన చేయి, నిలువుగా, చేతి వెనకవైపు సభకి కనబడేలా ఎత్తితే బ్రిటన్‌లో బూతు. కంటి కొసకి పట్టినప్పుడు చేయి అడ్డంగా ఉంటుంది, గొడవలేదు. "రెండు" అని లెక్క చూపించేటప్పుడే జాగ్రత్త, అరచేయి సభవైపు తిప్పండి. రమ్మని పిలవటం. మనం అరచేయి కిందికి పెట్టి వేళ్ళు ఊపుతాం. యూరపులో చాలామందికి "పో, పో" లాగా కనబడుతుంది. ఇక్కడా చేతిని మార్చకండి. చూపు ఎదుటి మనిషిని పట్టుకుని, ఒళ్ళు వెనక్కి జరగాలి. వెనక్కి జరిగే మనిషి పిలుస్తున్నట్టే ఉంటుంది, తరుముతున్నట్టు ఉండదు.

ఇక తల. "సరే సరే" అని మనం తలని పక్కలకి ఊపుతాం, బయటివాళ్ళకి ఇది అవునో కాదో అర్థంకాదు. మన 9 శిరోభేదాల్లో, అంటే తల కదలికల్లో, పరివాహితం ఇదే, వింజామర ఊగినట్టు. వినియోగంలో సంతోషం, అనుమోదం, అంటే ఒప్పుకోవటం, ఉన్నాయి. ధుతం అంటే తల కుడికీ ఎడమకీ తిప్పటం, లేదనటం. ఈ రెండూ దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, చెవి భుజానికి వంగిందా, ముక్కు పక్కకి తిరిగిందా అన్నదే తేడా. బల్గేరియాలో అయితే అవునుకీ కాదుకీ తల తీరే తిరగబడి ఉంటుంది. గ్రీసులో తల వెనక్కి విసిరితే కాదని. అందుకని నేను చెప్పేది, భాష తెలియని సభలో కథకి కీలకమైన అవును, కాదు ఎప్పుడూ తల ఒక్కదానితో చెప్పకండి. పాదంతో చెప్పండి. కాదంటే ఒక అడుగు వెనక్కి. అవునంటే ముందు కాలి మీదకి బరువు.

బరువు గురించి ఒక్క మాట. యూజీనియో బార్బా అనే నాటక దర్శకుడు 1980లో జర్మనీలోని బాన్‌లో తన అంతర్జాతీయ రంగస్థల మానవశాస్త్ర పాఠశాల తొలి సమావేశం జరిపినప్పుడు ఒడిస్సీ నర్తకి సంయుక్త పాణిగ్రాహి ఆయన పక్కన ఉన్నారు. బాలి, జపాన్, మన దేశం, యూరప్ నటులని ఒకచోట నిలబెట్టి చూస్తే, కథ మొదలుకాకముందే ఒళ్ళు మాట్లాడుతోంది, ఎలా మాట్లాడుతోంది అంటే, రోజువారీ నడకలో లేని తూకంతో. బరువు ఎటు ఉంది, ఏ కాలు ఆగింది, వెన్ను ఎటు లాగుతోంది. దీనికి నిఘంటువు అక్కర్లేదు.

ఇప్పుడు ఒక్క వాక్యం తీసుకుని దగ్గరగా చూద్దాం. "రాత్రంతా ఎదురుచూశాను, నువ్వు రాలేదు." మనం మామూలుగా ఎలా చేస్తాం? ఆదితాళం ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, ఎనిమిది అక్షరాల లెక్క. రాత్రికి పతాకాలు, రెండు అక్షరాలు. ఎదురుచూపుకి రెండు. నువ్వుకి రెండు. రాలేదుకి రెండు. అయిపోయింది. విజయవాడలో తెలుస్తుంది, ఎందుకంటే పాట వినబడుతోంది. పాట తెలియనివాడికి నాలుగు చేతులు వచ్చి వెళ్ళాయి, అంతే.

దాన్నే నాలుగు ఆవర్తాలకి సాగదీయండి. సంచారి కట్టండి, అంటే ఆ మాటనే చిన్న చిన్న ఘట్టాలుగా పెంచండి. మొదటి ఆవర్తంలో దీపం. ఎడమచేయి అర్ధచంద్రం, అరచేయి పైకి, బొడ్డుకి కొంచెం పైన. అదే ప్రమిద. కుడిచేయి హంసాస్యం, బొటనవేలు చూపుడువేలు కొసలు కలిపి, ప్రమిద అంచుకి రెండు వేళ్ళ పైన. వత్తి ఎగదోస్తున్నారు. చూపు ఎక్కడ? హంసాస్యం కొస మీద. ముఖం మీద వెలుగు పడ్డట్టు రెప్పలు కొంచెం దించాలి. గాలి వచ్చింది, కుడిచేయి పతాకమై, కొంచెం వంగి జ్వాలకి అడ్డం పెడుతుంది. ప్రపంచంలో దీపమో కొవ్వొత్తో వెలిగించినవాడెవడైనా దీన్ని పట్టుకుంటాడు. ఏడో అక్షరం దగ్గర చూపు ఒక్కసారి తలుపు మీదకి. చేతులు కదలకూడదు. చూపు ఒక్కటే.

రెండో ఆవర్తం, మళ్ళీ వత్తి. కానీ ఈసారి ఎడమచేయి నాలుగు వేళ్ళు కిందికి దిగింది, చేయి అలిసిపోయింది. తలుపు వైపు చూసినప్పుడు ముందు కాలి మీదకి బరువు పోవాలి, మడమ లేవాలి. ఆశ అంటే అదే. మూడో ఆవర్తంలో చమురు లేదు. హంసాస్యం వత్తిని వెతుకుతుంది, దొరకదు. చూపు తలుపు మీదకి పోతుంది, మడమ లేవటం మొదలై, సగంలో ఆగుతుంది. నాలుగో ఆవర్తంలో "నువ్వు రాలేదు." ఇక్కడ చేయి అక్కర్లేదు. నిజంగా అక్కర్లేదు. లేచిన మడమ నేలకి దిగుతుంది, బరువు వెనక కాలికి పోతుంది, ఎడమచేతిలో అర్ధచంద్రం దానంతటది విడిపోతుంది. ప్రమిద లేదు.

ఇందులో చెడేది ఎక్కడ? మూడుచోట్ల. మొదటిది, చూపూ చేయీ ఒకేసారి వెళ్ళటం. చూపు ఒక అక్షరం ముందు వెళ్ళాలి. సభ కళ్ళు మీ కళ్ళ వెంట వస్తాయి, చేతి వెంట రావు. మీ చూపు ముందే అక్కడ ఉంటే చేయి చేరేసరికి సభ సిద్ధంగా ఉంటుంది. "యతో హస్తస్తతో దృష్టిః" అని చిన్నప్పటి నుంచి వల్లె వేశాం. చూపు చేతితో విడిపోకూడదని శ్లోకం చెబుతోంది, అక్షరం ముందు ఉండాలన్నది సాధనలో తేల్చుకోవలసిన సంగతి. రెండోది, మూడు ఆవర్తాలూ ఒకే ముఖంతో చేయటం. అప్పుడది కాలం గడవటం కాదు, మూడుసార్లు దీపం పెట్టడం అవుతుంది. మూడోది ఎడమచేయి మరచిపోవటం. కుడిచేయి పని చేస్తుంటే ఎడమ ప్రమిద మెల్లగా ఒరిగిపోతుంది, నూనె అంతా కింద పోయినట్టే! అద్దం ముందు ఎడమచేతిని మాత్రమే చూసుకుంటూ పదిసార్లు చేయండి.

కొన్ని చేతులకి మాత్రం నిడివి సరిపోదు, ఆచారం తెలియాలి. దిష్టి తీసి మెటికలు విరవటం ఉంది. పిల్లవాడి తల చుట్టూ రెండు చేతులూ తిప్పి తన కణతలకి ఆనించి విరుస్తుంది తల్లి. బయటివాడికి తలనొప్పిలా ఉంటుంది. సత్యభామ కథ ఆడే మన భామాకలాపంలో అంతకంటే పెద్ద చిక్కుంది. చెలికత్తె మాధవి అడుగుతుంది, నీ భర్త పేరేమిటని. సత్యభామ చెప్పదు. సిగ్గుపడుతుంది, గుర్తులు చెబుతుంది, సైగలు చేస్తుంది. మనకి ఎంత అందంగా ఉంటుంది ఆ ఘట్టం! మొగుడి పేరు ఆడది నోటితో పలకదన్న ఆచారం మనకి తెలుసు కాబట్టి. తెలియని సభకి ఏమనిపిస్తుంది? ఈవిడకి భర్త పేరు గుర్తులేదా? లేక దాస్తోందా? అభినయం ఎంత గొప్పగా చేసినా ఆ ఒక్క సంగతి చేతితో చెప్పలేరు. 

దీనికి మందు కూచిపూడిలోనే ఉంది. మనకి వాచికం ఉంది, అంటే పాత్ర నోటితో మాట్లాడుతుంది. సభకీ కథకీ మధ్య నిలబడే పాత్ర ఉంది, సూత్రధారుడే మాధవిగా మారతాడు. సత్య తెలుగులోనే మాట్లాడాలి, అది వదులుకోవద్దు. అర్థం తెలియకపోయినా ఆ గొంతులోని అతిశయం చెవికి చేరుతుంది. మాధవి ఆ ఊరి భాషలో అడగాలి. "పేరు చెప్పటానికి ఏమిటమ్మా అంత సిగ్గు? మీ ఊళ్ళో పెళ్ళాం మొగుడి పేరు పలకదా?" అని రెండే వాక్యాలు. సత్య తల ఊపి సిగ్గుపడుతుంది. ఆచారం తెలిసిపోయింది, కథ ఆగలేదు. ముందు ఉపన్యాసం ఇచ్చి ఆ తర్వాత ఆడటం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

ఉపన్యాసం అంటే గుర్తొచ్చింది. నాట్యానికి ముందు మాట్లాడాల్సి వస్తే నిమిషంన్నర. నాలుగు చేతులకి మించి చూపించకండి, ఆ నాలుగూ ఆ అంశంలో వచ్చేవే అయివుండాలి. "ఇది తామర, ఇది చేప, ఇది నెమలి" అని జాబితా చదివితే సభ నాట్యం చూడటం మానేసి పదాలు ఏరుకుంటుంది. తెర మీద అనువాదం వేసేవాళ్ళకి ఇంకో మాట. మీరు చేయి ఎత్తే క్షణంలోనే అక్షరాలు పడితే అందరి కళ్ళూ అక్షరాల మీద ఉంటాయి, చేయి ఎవరూ చూడరు. ఒక ఆవర్తం ముందు వేయించండి, పల్లవి ఎత్తుకునేలోపు తీసేయించండి.

హాలు ఎంత పొడుగుందో ముందురోజు చూసుకోండి. చివరి వరుసలో కూర్చుని మీ స్నేహితురాలి చేత హంసాస్యం, చతురం, ముకుళం పట్టించి చూడండి. తేడా తెలియకపోతే ఆ హాల్లో వేళ్ళు మాట్లాడవు, మోచేయి మాట్లాడాలి. మోచేయి పక్కటెముకలకి అతుక్కుంటే చేయి మొత్తం నడుము మీద కలిసిపోతుంది, వెనకవాళ్ళకి ఏమీ కనబడదు. వేళ్ళ కొసలకి ఎరుపు పెట్టేది అందానికే కాదు, చేయి ఎక్కడ ముగిసిందో దూరానికి తెలియటానికి. చెరిగిపోతే రెండో అంశానికి ముందు మళ్ళీ దిద్దుకోండి. వెలుగు నెత్తి మీద నుంచి మాత్రమే ఉంటే కళ్ళ కింద నీడ పడుతుంది, అంటే చూపు పోయింది. పక్కనుంచి, ఎదురు నుంచి కొంచెం అడగండి. సభలో దీపాలు మరీ ఆర్పేయొద్దనండి.

కెమెరా ముందు చేసేవాళ్ళకి. ఫోను ముందు కెమెరాలో మీకు మీరు అద్దంలో కనబడినట్టు కనబడతారు, చూసేవాళ్ళకి అలా ఉండదు. కుడి ఎడమల గొడవ పిల్లలకి అక్కడే మొదలవుతుంది. చట్రంలో మోచేతులు రెండూ పట్టాలి, నెత్తి పైన ఒక జానెడు ఖాళీ ఉండాలి. గది చీకటిగా ఉంటే వేగంగా తిప్పిన చేయి మసకలా పడుతుంది.

చివరగా పరీక్ష. తెలుగు రాని ఒక మనిషిని కూర్చోబెట్టండి, పొరుగువారైనా సరే. పాట లేకుండా, తాళం మాత్రం వేసి, రెండు నిమిషాల అభినయం చేయండి. తర్వాత "అర్థమైందా?" అని అడగొద్దు. మర్యాదకి అవుననే అంటారు. "ఏం చూశారు?" అని అడగండి. వాళ్ళ మాటలు వాళ్ళు చెప్పినట్టే రాసుకోండి. "ఎవరికోసమో చూస్తోంది, దీపం ఆరిపోయింది" అంటే చాలు, పేర్లు తెలియక్కర్లేదు. "ఏదో వండుతోంది" అన్నారనుకోండి, మీ చూపు ప్రమిద దాటి కిందికి పోయిందన్నమాట. ఎక్కడ తప్పిందో ఆ మాటే చెబుతుంది. చేతిని మార్చే ముందు చూపు మార్చి ఇంకోసారి అడగండి.

సరే, నేను మాట్లాడింది చాలు. లేవండి. ఒక్కొక్కరికి మధ్య రెండు బారల దూరం ఉండాలి. కుడిచేయి పతాకం, బొటనవేలు చూసుకోండి. చేయి ఎక్కడా మార్చకుండా ఒక్కో ఆవర్తం చొప్పున మేఘం, నది, రాత్రి, వెన్నెల. గురువుగార్లు కూడా చేయాలండీ, పక్కనుంచి చూస్తే కుదరదు. ఎడమచేయి నడుము మీద. చూపు అక్షరం ముందు. మేఘంతో మొదలుపెడదాం.